ఖాళీ పల్లెకు అతిథులు

అన్న నన్ను జర్మనీకి పిలుచుకుపోతానన్నప్పుడు నేను కళ్యాణదుర్గంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. మా వైపు భూములున్న పెద్ద కుటుంబం ఆయనది. కాంట్రాక్టులు చేసేవాడు, ఎలక్షన్లప్పుడు జీపులో ఊర్లు తిరిగేవాడు. చిన్నా పెద్దా అందరూ అన్నా అనే పిలిచేవాళ్లు. రెండువేల సంవత్సరం దాటి కొన్నేండ్లయింది. కరువు మీద కరువు వచ్చి పడిన కాలం అది.

కంబదూరుకు అవతల, గుట్ట కింద ఒక చిన్న పల్లె. నేను పుట్టింది ఆడనే. అన్నీ మట్టి మిద్దెలు, ఒకే వీధి. బావులు ఎండిపోయి, బోర్లు వేసినోళ్లకు దుమ్ము తప్ప ఏమీ రాక, ఒక్కో ఇంటికీ తాళం పడుతూ వచ్చింది. మేము నా చిన్నప్పుడే అనంతపురం చేరినాం. నాయన ఒక నూనె మిల్లులో కాపలా పనికి కుదిరినాడు. కడాన మిగిలినవాళ్లు కూడా మూటలు కట్టుకున్నాక ఆ ఇండ్లూ, చుట్టూ ఉన్న చేన్లూ అన్న కొన్నాడు. బలవంతంగా లాక్కోలేదు, ఆ మాట చెప్పాల. వాళ్లే పోయి, నువ్వే ఏదో ఒకటి చూసుకో అన్నా అని అప్పజెప్పినారు.

ఖాళీ పల్లెను ఏం చేయాలనేది ఆయనకు బెంగళూరులో తట్టింది. ఆడ ఆయన బంధువు ఒకాయన ఆయుర్వేదం రిసార్టు పెట్టి దాన్ని ఫారినోళ్లతో నింపినాడంట. అన్న తిరిగొచ్చి మిద్దెలకు సున్నం కొట్టించినాడు, లోపల టైల్సు పరిపించినాడు, గుట్ట పక్క లోతుగా బోరు వేయించినాడు, కేరళ నుంచి ఇద్దరు వైద్యులను తెచ్చిపెట్టినాడు. తైలం మర్దనలు, ఉపవాసాలు, యోగా, ప్రకృతి వైద్యం.

"ఎండుగాలి ఉండాది, సద్దు లేదు. తెల్లోళ్లకు అదే మందంటప్పా," అన్నాడు ఒకరోజు కాలేజీకొచ్చి. "వచ్చే నెల జర్మనీలో పెద్ద ఎగ్జిబిషన్ ఉండాది. వైద్యానికని దేశాలు తిరిగేవాళ్ల కోసం పెడతారంట. స్టాలు తీసుకున్నా. నాకు ఇంగ్లీషు రాదు. నువ్వు ఆ పల్లెలో పుట్టినోడివి, నువ్వు చెప్తే నమ్ముతారు."

అట్లా నేను విమానమెక్కినాను.

ఆ ఎగ్జిబిషన్ హాలు లోపల గుంతకల్లు స్టేషన్ లాంటివి నాలుగు పట్టేటట్టుంది. ఒక దేశమోళ్లు నోట్లో కొత్త పండ్లు కట్టిస్తామంటారు, ఇంకొకరు వేడినీళ్ల ఊటల్లో కూర్చోబెడతామంటారు. ఒక స్టాలులో గాజు సీసాల నిండా నల్లటి బురద పెట్టి, అది వీపుకు పూస్తే నడుం నొప్పి పోతుందని చెప్తాండారు. మా ఎదురుగా కేరళ వాళ్లు ఒక తెల్లమ్మాయిని బల్ల మీద పండబెట్టి నుదుటి మీద నూనె ధార పోస్తాంటే జనం చుట్టూ నిలబడి ఊపిరి బిగపట్టి చూసేవాళ్లు. పక్క గదుల్లో సదస్సులు. వాటిలో కూడా కూర్చున్నాను. స్టేజీ ఎక్కినవాళ్లెవరూ రోగి అనే మాట వాడలేదు. అందరూ అతిథి అనే అన్నారు. ఒక డాక్టరు గంటసేపు నిశ్శబ్దం గురించి మాట్లాడినాడు. పట్నాల్లో మనుషులకు నిశ్శబ్దం దొరకడం లేదని, ముందు ముందు దానికోసం ఎంత దూరమైనా పోతారని చెప్పినాడు. అన్నకు నేను ఆ మాట తెలుగులో చెప్తే ఆయన నా వీపు తట్టి, "చెప్పలా నేను?" అన్నాడు.

మా స్టాలు ఒక మూల. వెనక గోడంతా ఒకే ఫొటో. మా వీధి. మిట్టమధ్యాహ్నం తీయించినారు. తెల్లటి మిద్దెలు, మూసిన తలుపులు, పైన నీలం ఆకాశం. మనిషి నీడ కూడా లేదు. దాని కింద ఇంగ్లీషులో ఒక వాక్యం, నేను రాసిందే: ఇక్కడ ఎవరూ లేరు, మీరూ నిశ్శబ్దమూ తప్ప.

జనం ఆ ఫొటో చూసి ఆగేవాళ్లు. "నిజంగానే ఎవరూ ఉండరా?" అని అడిగేవాళ్లు. ఎవరూ ఉండరు అని చెప్పేవాణ్ణి. "పక్కన ఊరు?" చాలా దూరం. "రాత్రిళ్లు కుక్కలు మొరగవా?" కుక్కలు కూడా పోయినాయి. ఇట్లా చెప్పీ చెప్పీ రెండో దినానికి నోరు దానంతట అదే చెప్తాండేది. అప్పుడు మొదలైంది అది. ఎవరూ లేరు అన్న ప్రతిసారీ ఒక ముఖం గుర్తుకొచ్చేది. మా ఎదురింటి ఆయప్ప తప్పెట భుజానికి తగిలించుకుని నడిచే తీరు. బావికాడ బిందె నడుమున పెట్టుకుంటూ ఎడమ కాలు కొంచెం ఎత్తే ఒక అత్త. తర్వాత హాల్లో తిరిగే జనంలోనే వాళ్లు కనబడసాగినారు. దూరంగా ఒక పొడుగాటి తెల్లోడు కుడిచెయ్యి ఊపుకుంటూ పోతాంటే, అచ్చం ఎదురింటి ఆయప్పే. నేను రెండడుగులు స్టాలు దాటి పోయి, అతను తిరిగి చూసేసరికి సిగ్గుపడి వెనక్కొచ్చినాను. మళ్లీ ఆ ఫొటో వైపు చూస్తే తలుపులు మూసి ఉన్నట్టు అనిపించలేదు. లోపల అందరూ తలుపుకు ఆనుకుని నిలబడి, వచ్చినోళ్లు పోయేదాకా సద్దు చేయకుండా ఉన్నట్టు అనిపించింది.

మూడో దినం ఒక పెద్దామె వచ్చింది. డెబ్బై ఏండ్లుంటాయి. కురచగా కత్తిరించిన తెల్ల వెంట్రుకలు, చేతిలో గుడ్డసంచి. బ్రోచరు ఇస్తే తీసుకోలేదు. ఫొటో ముందర చాలాసేపు నిలబడి ఒక్కో ఇంటినీ చూసింది. తర్వాత నెమ్మదిగా ఇంగ్లీషులో అడిగింది.

"వీళ్లంతా యాడికి పోయినారు?"

అన్ని దినాల్లో ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే.

"బెంగళూరికి," అన్నాను. "కొంతమంది వేరే ఊర్లకు. వానల్లేక."

"అందరూ ఒకేసారి పోయినారా?"

"లేదు. ఒక్కో ఇల్లు."

ఆమె తలూపింది. "మమ్మల్ని ఒకే వేసవిలో పంపించేసినారు," అని, నా చెయ్యి పట్టుకుని, "నాతో ఒకసారి రా," అంది. అన్న వైపు చూసినాను. పోయిరా అన్నట్టు ఆయన సైగ చేసినాడు.

రెండు వరుసలు దాటి ఒక పెద్ద స్టాలు ముందర ఆగింది. అది జర్మనీదే, వాళ్ల వైపుది. గోడంత పెద్ద సరస్సు ఫొటో, నీలంగా. నీళ్ల మీద తెల్ల పడవలు, ఒడ్డున చెక్కతో కట్టిన ఆవిరి గదులు, తువాళ్లు చుట్టుకుని నవ్వే మనుషులు. కొత్త సరస్సు, కొత్త ఊపిరి అని ఏదో రాసినారు. స్టాలులోని పిల్ల మా ఇద్దరికీ చిన్న కప్పుల్లో పుదీనా నీళ్లిచ్చింది.

"బొగ్గు కోసం తవ్వినారు," అని చెప్పింది పెద్దామె. "మా ఊరి కింద బొగ్గుండేది. ముందు మమ్మల్ని ఖాళీ చేయించినారు. తర్వాత ఇండ్లు పడగొట్టినారు. చర్చి పడగొట్టినారు. గోరీల్లో ఉన్నవాళ్లను తీసి వేరే ఊరికి మార్చినారు. అందరినీ మార్చలేదు. పాతకాలం వాళ్లను వదిలేసినారు. మా అమ్మను మార్చినామన్నారు. కాయితం ఇచ్చినారు గానీ నేను చూడలేదు. బొగ్గయిపోయినాక ఆ గుంతలో నీళ్లు నింపినారు."

వేలు చాపి ఒక తెల్ల పడవ కింద చూపించింది.

"ఇదిగో, మా ఇల్లు ఈ లెక్కన ఈడుంటుంది."

స్టాలులోని పిల్ల ఇంకా నవ్వుతానే ఉంది. ఆమెకు ఇంగ్లీషు వచ్చో రాదో తెలీదు. నేను ఆ కప్పులో నీళ్లు తాగలేకపోయినాను. అట్లా అని పారబోయడానికీ మనసు రాలేదు. అనంతపురంలో పెరిగినోణ్ణి, నీళ్లు పారబోయడం చేతకాదు. కప్పు చేతిలో పట్టుకునే మా స్టాలుకు తిరిగొచ్చినాను. ఆమె కూడా వెంట వచ్చింది.

ఆమె రిటైరైన టీచరు అని, ఏటా ఆ సరస్సు స్టాలు చూడ్డానికే ఈ ఎగ్జిబిషన్‌కు వస్తుందని దావలో చెప్పింది. అన్నకు విషయమంతా చెప్తే ఆయన లేచి నిలబడి రెండు చేతులూ జోడించినాడు. "అమ్మా, నువ్వు మా ఊరికి రా. మా ఇండ్లు ఇంకా నిలబడే ఉండాయి," అన్నాడు తెలుగులోనే. నేను చెప్పకముందే ఆమెకు అర్థమైనట్టుంది.

ఆ చలికాలంలో ఆమె నిజంగానే వచ్చింది. మొదటి అతిథుల్లో ఆమె ఒకతె. మిగతావాళ్లు కొత్త టైల్సున్న పెద్ద గదులు చూసుకున్నారు. టీచరమ్మ మాత్రం వీధి కడాదాకా నడిచి, ముందర రాతి తిన్నె ఉన్న చిన్న మిద్దె దగ్గర ఆగింది. తిన్నె మధ్యలో రాయి అరిగి పళ్లెం మాదిరి లోతుగా ఉంటుంది. "ఈ ఇంట్లో ఉంటాను," అనింది. అది మా పెద్దవ్వ ఇల్లు. సొంత అవ్వ కాదు గానీ పల్లెలో పిల్లలందరికీ ఆమె పెద్దవ్వే. అప్పటికి ఆమె గార్లదిన్నె పక్క ఒక చీనీతోటలో, అంటే బత్తాయి తోటలో ఉండేది. కొడుకు ఆ తోటకు కాపలా.

ఆదివారాలు నేను బండి మీద పోయేవాణ్ణి, టీచరమ్మకు తోడుగా ఉండమని అన్న చెప్పినాడు. ఆమె వైద్యం పెద్దగా చేయించుకోలేదు. తైలం అంటే చెయ్యి అడ్డం పెట్టేది. వీధిలో నడుస్తూ ఈ ఇంట్లో ఎవరుండేవాళ్లు, ఏం పని చేసేవాళ్లు అని అడిగేది. చెప్పేవాణ్ణి. మా ఇంటి ముందర నిలబడి, "ఈ ఇంట్లో ఎవరైనా చనిపోయినారా?" అని అడిగింది. లేదన్నాను. అమ్మా నాయనా అనంతపురంలో ఉన్నారు, తాత ముందే వేరే ఊళ్లో పోయినాడు. ఆ జవాబు చెప్పినాక నాకేదో బాధ కలిగింది. మా ఇంట్లో ఎవరూ చావలేదు. అంటే మేము తిరిగొస్తామని ఆడ కాచుకునేవాళ్లు కూడా ఎవరూ లేరు.

రెండో ఆదివారం ఆమె మామూలుగా అడిగింది.

"ఆ తోటపని చేసే ఆయన లోపలికెందుకు రాడు?"

"ఎవరు?"

"మధ్యాహ్నం వస్తాడే. వీధి మలుపులో దగ్గుతాడు. మళ్లీ తిన్నె కాడ దగ్గుతాడు. కాళ్లకు నీళ్లు పోసుకున్న చప్పుడవుతుంది. నేను తలుపు తీసేసరికి పోయింటాడు. కాఫీ ఇద్దామని చూస్తాను."

రిసార్టు తోటపని ఆయప్ప పదకొండుకే తన ఊరికి అన్నానికి పోతాడు. ఎండ తగ్గినాకే తిరిగొస్తాడు. నాకది తెలుసు. తిన్నె పక్కన నేల చూసినాను. పొడిగా, పగుళ్లతో ఉంది. రాతి తొట్టిలో నీళ్లుండి ఎన్నేండ్లయిందో.

పెద్దవ్వ మొగుడు అట్లానే వచ్చేవాడు. చేను నుంచి వస్తూ మలుపులో ఒకసారి దగ్గేవాడు. అది విని అవ్వ సంగటి ముద్ద పళ్లెంలో పెట్టేది. తిన్నె కాడ ఇంకోసారి దగ్గి, తొట్టిలోని నీళ్లు కాళ్ల మీద పోసుకుని లోపలికొచ్చేవాడు. ఒక ఎండాకాలం అట్లానే వచ్చి, కాళ్లు కడుక్కుని, తిన్నె మీద కూర్చుని గోడకు ఆనుకున్నాడు. అవ్వ పళ్లెం తెచ్చేసరికి ప్రాణం పోయింది. నేనప్పుడు చిన్నోణ్ణి. ఆ రోజు ఆమె పళ్లెం కింద పెట్టకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది నాకు బాగా గుర్తు.

టీచరమ్మకు ఇదేమీ చెప్పలేదు.

అనంతపురం పోయి అమ్మకు చెప్పినాను. భయపడుతుందేమో అనుకున్నాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతా చెరుగుతా ఆగి, "పెద్దవ్వకు చెప్పినావా?" అంది. "చెప్పు. ఆయమ్మకు తెలియాల."

నాయన లేచి బయటికి పోయినాడు.

మరుసటి ఆదివారం రిసార్టు జీపును, డ్రైవరును తీసుకుపోయి అవ్వను పిలుచుకొచ్చినాను. కొడుకు కూడా వచ్చినాడు. ఆయనకు ఇదంతా నామోషీగా ఉంది. "ముసిలామెకు లేనిపోనివి చెప్తాండావు సార్," అని దావపొడుగునా సణిగినాడు. అవ్వ మాత్రం ఉతికిన చీర కట్టుకుని, కొంగులో ఏదో మూట పట్టుకుని, కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

గేటు కాడ కాపలా ఆయప్ప అవ్వను ఎవరని అడిగినాడు. ఈ ఊరామె అని చెప్పినాను. లోపల ఆఫీసు ముందర ఒక పెద్ద రోట్లో నీళ్లు పోసి గులాబీ రేకులు వేసి పెట్టింటారు, అతిథులు చూడ్డానికి. అవ్వ దాని ముందర నిలిచిపోయింది. వంగి అంచు తడిమి చూసింది.

"ఇది నా రోలు," అంది. "ఎట్ల పెరికినారప్పా దీన్ని? మా అత్తప్పుడు నాటింది."

ఆమె నీళ్లలో చెయ్యి పెట్టి రేకులు పక్కకు జరిపి, లోపల అడుగు చూసుకుని, చెయ్యి చీరకు తుడుచుకుని ముందుకు నడిచింది.

ఇంట్లో పొయ్యి ఉన్న చోట టైల్సు పరిచినారు. దాని మీద టీచరమ్మ పెట్టె ఉంది. అవ్వ నేరుగా పోయి ఆ పెట్టె పక్కనే, పొయ్యి ముందర కూర్చునేటట్టు కూర్చుంది. మిద్దె కప్పులోని గవాక్షి కంతలోంచి ఎండ ఆమె ఒళ్లో పడుతుంది. టీచరమ్మ కూడా కుర్చీ వదిలి ఆమెకెదురుగా నేల మీద కూర్చుంది. అవ్వ ఆమెను కిందా మీదా చూసి నన్నడిగింది.

"ఈయమ్మది ఏ ఊరు?"

"వాళ్ల ఊరు లేదవ్వా. నీళ్లల్లో మునిగిపోయింది."

"మేము నీళ్లు లేక పోతిమి. వాళ్ల మీదికి నీళ్లే వచ్చె," అని అవ్వ కొంగులో మూట విప్పి, వేయించిన శెనక్కాయ బుడ్డలు టీచరమ్మ చేతిలో పోసింది.

తర్వాత అడిగింది. "మధ్యాన్నం వస్తాండాడంట కదా?"

నేను అనువాదం చేసినాను. టీచరమ్మ నా ముఖం, ఆమె ముఖం మార్చి మార్చి చూసింది. అప్పటికి గానీ ఆమెకు అర్థం కాలేదు, వచ్చేది తోటపని మనిషి కాదని. భయపడలేదు. ఔను అన్నట్టు తలూపి, తన గొంతు పట్టుకుని చిన్నగా దగ్గి చూపించింది. అది వినగానే అవ్వ కండ్లలో నీళ్లు తిరిగినాయి.

"అట్లనే. అట్లనే దగ్గుతాడు. నేను ఇన్నేండ్లు ఏమనుకుంటి... పోయిండేవాడు పోయె అనుకుంటి. ఈడనే ఉన్నాడా!" కొడుకు వైపు తిరిగి, "మనం పోయింది మీ నాయనకు తెలీదు రా. ఎవురూ చెప్పలా. దినామూ వచ్చి చూసి పోతాండాడు," అంది.

కొడుకు తల దించుకున్నాడు.

పొద్దు నడినెత్తికొచ్చేదాకా కూర్చున్నాం. బయట గాలి కూడా ఆగిపోయింది. నేను చెవులు రిక్కించి విన్నాను. నాకేమీ వినబడలేదు, నిజం చెప్తాండాను. కానీ ఒక క్షణాన ఆ ఇద్దరు ఆడవాళ్లూ, ఒకరి భాష ఒకరికి రాని వాళ్లు, ఒకేసారి తల ఎత్తి తలుపు వైపు చూసినారు.

అవ్వ లేచింది. తలుపు తీసి, గడప దాటకుండా నిలబడి మాట్లాడింది. గట్టిగా కాదు, అన్నానికి వచ్చిన మనిషితో మాట్లాడినట్టు.

"నేనే. మేము ఈడ లేము. గార్లదిన్నె కాడ చీనీతోటలో ఉండాం. కంబదూరు దాటి, కళ్యాణదుర్గం మీద అనంతపురం పో. ఆడినుంచి గుత్తి రోడ్డు. రోడ్డు పక్కనే తోట, ఇనుప గేటు. కొడుకు ఆడ పనికి కుదిరినాడు. నీళ్లుండాయి. నువ్వు ఈడ కాచుకోవద్దు. రా."

కొంతసేపు అట్లానే నిలబడి, తలుపు దగ్గరికేసి, "పోదాం," అంది. జీపులో ముందు సీట్లో కూర్చోమంటే కూర్చోలేదు. వెనక సీట్లో ఒక పక్కకు ఒదిగి, పక్కన చోటు వదిలి కూర్చుంది. కొడుకు ఆ చోట్లో కూర్చోబోయి, ఆగి, ముందుకొచ్చి డ్రైవరు పక్కన ఎక్కినాడు.

ఈ సంగతి అన్నకు తెలిసింది. మరుసటి దినమే వచ్చినాడు. "దయ్యముండాదని తెలిస్తే ఎవురొస్తారప్పా? నువ్వు చదువుకున్నోడివి, ఇట్లాంటివి పెంచుతావా?" అని గట్టిగా కసిరినాడు. హోమం చేయించాలన్నాడు. కానీ ఆ ఇంటి ముందరికి పోయేసరికి చెప్పులు విడిచి, తిన్నె పక్కన ఊరకే నిలబడి వచ్చేసినాడు. హోమం మాట మళ్లీ ఎత్తలేదు.

టీచరమ్మ ఇంకో రెండు వారాలు ఉండాల్సింది, ముందే పోతానంది. కారణమడిగితే, అవ్వ వచ్చిపోయినాక దగ్గు వినబడలేదని చెప్పింది.

"అది మంచిదే కదా," అన్నాను.

"ఆయనకు మంచిదే. నాకు మాత్రం ఇప్పుడు భయమేస్తాంది. నిన్నటిదాకా బాగా నిద్రపోయినాను. ఇప్పుడు నువ్వు ఆ ఫొటో కింద రాసినట్టే ఉంది. నిజంగానే ఎవరూ లేరు."

ఆమెను బెంగళూరు విమానాశ్రయంలో నేనే ఎక్కించొచ్చినాను.

మరుసటేడు కూడా అన్న నన్ను ఆ ఎగ్జిబిషన్‌కు పిలుచుకుపోయినాడు. స్టాలు కొంచెం పెద్దదైంది. ఫొటో అదే గానీ దాని కింది వాక్యం మార్పించినాను. వైద్యం గురించి మాత్రమే రాయించినాను. సరస్సు వాళ్ల స్టాలు ఇంకా పెద్దదైంది, మధ్యలో నిజం పడవే ఒకటి తెచ్చి పెట్టినారు. దాని పక్కన టీచరమ్మ నిలబడి కనిపించింది. నన్ను చూసి సొంత మేనత్త మాదిరి రెండు బుగ్గలూ పట్టుకుంది. అవ్వ ఎట్లుందని అడిగింది. బాగుందని, మధ్యాహ్నం పూట ఇంకో పళ్లెం కూడా పెడుతుందని చెప్పినాను.

"నేనూ పోయి చెప్పొచ్చినాను," అంది. "ఆ సరస్సు ఒడ్డుకు. మధ్యాహ్నమే పోయినాను. జనం ఈతలు కొడతాండారు. మా ఊళ్లో మాట్లాడేది జర్మన్ కాదు, మాది వేరే చిన్న భాష. మా అమ్మకు అదొక్కటే వచ్చు. నేనిప్పుడు ఒక బిల్డింగులో మూడో అంతస్తులో ఉంటాను. అది అమ్మకు చెప్దామంటే మెట్లకు మా భాషలో ఏమంటారో గుర్తు రాలేదు. మా ఊళ్లో మిద్దె మీద మిద్దె ఉన్న ఇండ్లే లేవు. ఏమో చెప్పినాను. నిచ్చెన అన్నాను."

అడగకముందే ఆమే చెప్పింది.

"ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నట్టు అనిపించడం లేదు. అంతకు మించి నాకు తెలీదు."

అదే ఆమెను కడసారి చూడ్డం. మూడో ఏడు అన్న పోలేదు. గుట్ట పక్క బోరు ఎండిపోయింది. ట్యాంకర్లతో కొన్ని నెలలు నడిపినాడు. తైలం కడుక్కోవడానికి బకెట్లు లెక్కగట్టి ఇస్తాంటే అతిథులు నిలవలేదు. కేరళ వైద్యులు మూటలు కట్టుకున్నారు. పల్లెలో ముందు పోయినవాళ్ల మాదిరే. అన్న మళ్లీ కాంట్రాక్టుల్లో పడినాడు. ఆ గేటుకు ఇప్పుడు కూడా ఆయన తాళమే.

పెద్దవ్వ చీనీతోటలోనే పోయింది, జరం వచ్చి, రెండు దినాలు మంచం పట్టి. ఆ తోట పక్కనే పూడ్చినారు. తర్వాత ఒకటి రెండేండ్లకు కొడుకు కాలేజీకి నా కోసం వచ్చినాడు. గేటు బయట నిలబడి కబురు పెట్టినాడు.

"తోట అమ్మేసినారు సార్. కొత్తాయప్ప చెట్లు కొట్టేసి ప్లాట్లు వేస్తాడంట. నాకు బెంగళూరులో అపార్టుమెంటు కాడ పని దొరికింది, భార్యాపిల్లలను ముందే పంపించినా." ఆగినాడు. చెప్పులతో నేల గీకినాడు. "మీరొకసారి నాతో వస్తారా? నాకు ఒక్కనికీ ఏదోగా ఉండాది."

యాడికని అడగాల్సిన పని లేకపోయింది. బస్సులో పోయినాం. తోటలో సగం చెట్లు అప్పటికే పడిపోయినాయి. మిగతావి ఎండిన ఆకులతో నిలబడినాయి. అవ్వను పూడ్చిన చోట రాళ్లు పేర్చినారు. పొద్దు నడినెత్తిన ఉంది. కొడుకు ఇనుప గేటు కాడ చాలాసేపు నిలబడినాడు. రోడ్డు మీద లారీలు పోతాంటే అవి పోయేదాకా ఆగినాడు. నా వైపు చూసి సిగ్గుగా నవ్వబోయి నవ్వలేకపోయినాడు. తర్వాత గొంతు సవరించుకుని దగ్గినాడు. ఆ దగ్గు వాళ్ల నాయనదే, నేను చిన్నప్పుడు విన్నదే.

"నాయనా, అమ్మా," అన్నాడు. "నేను బెంగళూరు పోతాండా. ఈ తోట ఉండదు. ఆడ పెద్ద బిల్డింగులు శానా ఉంటాయి, దావ తప్పొద్దండి. మాది పసుపు రంగు వేసినది. పైకి ఎక్కొద్దండి, ఆడ ఉండేది వేరేవాళ్లు. కింద, కార్లు నిలబెట్టే కాడ మా రూము."

ఇంకేమైనా చెప్పాల్నా అన్నట్టు నన్ను చూసినాడు. చాలన్నాను. ఇద్దరం రోడ్డు మీదికొచ్చి, నీడ లేని చోట, అనంతపురం బస్సు కోసం నిలబడినాం.